ఒడ్డే సొమ్ము ఎవరిది?

తెలుగులో 'పందెం' అన్న మాట ఒక్కటే. దాని నీడన బతికే వ్యవహారాలు మాత్రం రెండు. పేకముక్కలమీదా, కోడిపుంజులమీదా డబ్బు కాసేదీ పందెమే. ఎడ్లను కట్టి బండ లాగించేదీ, కుర్రకారు ఊరి చెరువునుంచి రావిచెట్టుదాకా పరుగుతీసేదీ పందెమే. జూదానికీ పరుగుకూ ఇంగ్లీషువాళ్ళు వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. మనవాళ్ళు రెంటినీ ఒకే తాటికి కట్టారు. మాటలకు కరువై అలా చేశారని నేననుకోను. రెండింటిలోనూ ముందు ఏదో ఒకటి ఒడ్డాలి. ఒడ్డు లేనిదే పందెం లేదు. కనుక పందెం అన్న మాట ఎక్కడ వినబడినా, ఎవరు గెలిచారని అడగడానికి ముందు మరొక ప్రశ్న అడగవలసి ఉంటుంది: ఏమి ఒడ్డారు? అది ఎవరి సొమ్ము?

ఇది నా ప్రశ్న కాదు. నిండుసభలో ద్రౌపది అడిగినది ఇంచుమించు ఇదే. తన్ను తాను ఓడిపోయిన మనిషికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆమె అడిగితే, భీష్ముడంతటివాడు ధర్మం బహు సూక్ష్మమని చెప్పి ఊరుకున్నాడు. ఈ ఘట్టాన్ని ఏటేటా తరగతిలో చెబుతూనే ఉన్నాను. ఆ ప్రశ్న మోటారు కార్ల వ్యవహారంలోనూ పనికివస్తుందని మాత్రం ఈమధ్య మా పలాస ప్రాంతంలోనే చూశాను.

కారు పందెం అనగానే టెలివిజనులో కనిపించే బాణంలాంటి బండ్లు కళ్ళముందు మెదులుతాయి. కోట్ల ఖరీదు, విదేశీ డ్రైవర్లు, చెవులు చిల్లులు పడే రొద. అదంతా రాజాల వినోదం, మనకెందుకని పేజీ తిప్పబోయే సోదరీమణులు ఒక్క నిమిషం ఆగాలని మనవి. నేను చెప్పబోయేది మీ పెరటిలో పట్టా కప్పుకొని పడివున్న పాత మారుతి గురించి. దానిమీద కన్నువేసిన మీ అబ్బాయి గురించి.

పాత కారును కొని, విప్పి, మళ్ళీ కట్టి, సొంత సరదాకోసం పందెంలో తోలడం లోకమంతటా ఉన్నదే. ఇంగ్లండులో ఆస్టిన్ సెవెన్ అనే చిట్టి కారు ఉండేది. 1922 నుంచి 1939 వరకు తయారయింది. ఇంజను 747 సి.సి. గుమాస్తాలు, బడిపంతుళ్ళు కొనుక్కునే బండి. కాలిన్ చాప్‌మన్ అనే యువకుడు 1928నాటి అటువంటి పాత కారును తీసుకొని 1948లో ఒక చిన్న గారేజీలో దాన్ని పందెపుబండిగా మార్చాడు. లోటస్ అనే ప్రపంచప్రఖ్యాత సంస్థకు అదే మొదటి కారు. న్యూజిలాండులో బ్రూస్ మెక్‌లారెన్ కూడా పదిహేనేళ్ళ ప్రాయంలో తండ్రితో కలిసి బాగుచేసుకున్న పాత ఆస్టిన్ సెవెన్‌తోనే పందేలకు దిగాడు. ఈనాడు ఫార్ములా వన్‌లో తిరిగే మెక్‌లారెన్ కార్లకు ఆయన పేరే. అమెరికాలో 2006లో మొదలైన ఒక పందెంలో 500 డాలర్లకు మించి విలువ చేయని డొక్కు కార్లనే రానిస్తామని నియమం పెట్టారు. ప్రాణరక్షణకు పెట్టే ఖర్చును మాత్రం ఆ 500లో లెక్కకట్టరు. పొదుపు ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఆ ఒక్క నియమంలోనే ఉంది.

మన దేశంలో ఈ సరదాకు పుట్టిల్లు మద్రాసు. ఆంధ్రరాష్ట్రం మద్రాసునుంచి విడిపోయిన 1953లోనే అక్కడ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వెలిసింది. నగరానికి ఉత్తరాన షోలవరంలో రెండవ ప్రపంచయుద్ధకాలంనాటి విమానాల మైదానం ఉంది. విమానాలు పోయాయి, సిమెంటు బాటలు మిగిలాయి. వాటిమీద పందేలు పెట్టారు. అక్కడ పరుగుతీసిన కార్లు ఏవనుకున్నారు? డాక్టరుగారింటి ఫియట్, ప్లీడరుగారి హెరాల్డు, ఆఫీసరుగారి అంబాసిడరు. శనివారందాకా సంసారానికి బండి, ఆదివారం పందేనికి గుర్రం. వేలమంది జనం ఎండలో నిలబడి చూసేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బువారు సొంత ట్రాకు కట్టుకున్నాక షోలవరం వైభవం ముగిసింది. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపుకారు తయారుచేసి, డబ్బు లేని కుర్రవాళ్ళకు కూడా ఆ దారి చూపాడు. 1995లో విమానప్రమాదంలో ఆయన పోయాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర వెలిసిన ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

ఇందులో మా ప్రాంతంవాళ్ళకు ఒక చిన్న బంధుత్వం ఉంది. పలాస పక్కనుంచీ, టెక్కలి పక్కనుంచీ పోయే నేషనల్ హైవే 16 కలకత్తా శివార్లలో దానకునివద్ద పుట్టి చెన్నైలో ముగుస్తుంది. సుమారు 1,700 కిలోమీటర్లు. దాని ఉత్తరపు కొసకు చేరువలో ఉత్తరపాడా ఉంది. 1950ల చివరినుంచి 2014 వరకు అంబాసిడరు తయారయింది ఆ ఊళ్ళోనే. దక్షిణపు కొసకు చేరువలో షోలవరం. కారు పుట్టినచోటూ, పందెం పుట్టినచోటూ ఒకే రోడ్డుకు అటూ ఇటూ ఉంటే, నడిమధ్యన జీడితోటలతో మేమున్నాం. పుట్టినింటికీ మెట్టినింటికీ మధ్య మకాంలాంటి ఊరు మాది. చిక్కేమిటంటే, పందేనికి కట్టిన నేల ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నది. నున్నటి నాలుగు వరుసల రోడ్డు మాత్రం గుమ్మంముందే ఉన్నది.

* * *

మా కాలేజీలో డిగ్రీ చదివి వెళ్ళిన కుర్రాడొకడు కాశీబుగ్గలో ఒక మోటారు షెడ్డులో పని చేస్తున్నాడు. వాడి తండ్రిది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానులో ఆయన కొబ్బరితోట నేలకొరిగింది. ఉద్దానమంటే ఉద్యానవనమని మేం గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఉదయం లేచి చూస్తే ఉద్యానం కాదు, కట్టెల అడితి. కొబ్బరిమొక్క మళ్ళీ నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆయన నాటాడు, ఎదురుచూస్తున్నాడు. ఆయన ఒకనాటి సాయంత్రం మా ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"మేస్టారూ, మీ మాటైతే ఇంటాడు. ఆడికి కార్ల పిచ్చి అట్టుకుంది. ఏదో తుక్కు మారుతీ కొన్నాడు. పందేల్లో తోలతాడట. తుపాను అట్టుకుపోయిన సెట్లకోసం ఏడిసినాం. ఆడుకూడా పోతే ఎవులికోసం ఏడవాల?"

ఆ మాటకు నాదగ్గర జవాబు లేదు. రెండు రోజులు పోయాక షెడ్డుకు వెళ్ళాను.

కారును చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. పందెపుకారు అంటే ముందు ఇంజనును బలపరుస్తారని నాబోటివాళ్ళు అనుకుంటారు. అక్కడ ఇంజను ఒక మూల గోనెసంచి కప్పుకొని కూర్చున్నది. బండిలో సీట్లు లేవు, మ్యాట్లు లేవు, తలుపుల లోపలి అట్టలు లేవు. ఉత్త ఇనపపెట్టె. ఆ పెట్టె నేలమీద పాకుతూ కుర్రాడు స్క్రూడ్రైవరు మొనతో అంగుళం అంగుళం పొడిచి చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"తుప్పు సార్. మన ఉద్దానం గాలిలో ఉప్పు ఉంది కదా. పైన పెయింటు బాగానే ఉంటుంది, లోపల అప్పడంలా ఉంటుంది. చక్రాల గూళ్ళ దగ్గర, తలుపుల కింద, షాకబ్జార్బరు బిగించేచోట గట్టి రేకు లేకపోతే మిగతాదంతా దండగ."

ఆ మధ్యాహ్నం వాడు నాకు పాఠం చెప్పాడు. నేను విద్యార్థినయ్యాను. వినగా వినగా తేలింది ఏమిటంటే, పందెపుకారు కట్టడానికి ఒక వరుస ఉన్నది. ఆ వరుస మనం అనుకునేదానికి తలకిందులు.

మొదటిది రేకు. తుప్పు తిన్నచోటు కోసివేసి కొత్తరేకు వెల్డింగు చేయాలి. లప్పం పూసి పైన రంగు వేస్తే సంతలో అమ్ముకోవడానికి పనికివస్తుంది గాని, ప్రాణం పెట్టుకోవడానికి పనికిరాదు.

రెండవది పంజరం. కారు పల్టీకొడితే కప్పు నుజ్జుకాకుండా లోపల గట్టి ఉక్కు గొట్టాలతో కట్టే చట్రం అది. అతుకులేని గొట్టమే వాడాలి. ఎంత మందం, ఎన్ని వంపులు, నేలకు ఎక్కడెక్కడ బిగించాలి అన్నదంతా పందేల సమాఖ్య నిబంధనల్లో ఉంటుంది. నీళ్ళగొట్టాలు తెచ్చి అందంగా వంచి పెడితే చూపులకు పంజరంలాగే ఉంటుంది. ప్రమాదంనాడు అదే విరిగి ఈటెలా గుచ్చుకుంటుంది. తల తగిలే చోటల్లా మెత్త చుట్టాలి.

మూడవది మనిషిని కట్టిపడేసేవి: కదలని సీటు, భుజాలమీదుగా, నడుముమీదుగా, తొడల మధ్యగా వచ్చే పట్టీలు, హెల్మెట్టు, నిప్పంటుకోని దుస్తులు. చేతికందేచోట నిప్పునార్పే సిలిండరు. కారు కరెంటంతా ఒక్కసారిగా ఆపివేసే మీట ఒకటి. అది లోపల ఉన్నవాడికీ, బయటనుంచి సాయం వచ్చేవాడికీ కూడా అందాలి.

నాలుగవది బ్రేకులు. పాత కారులో బ్రేకాయిలు గాలిలోని తేమ పీల్చుకొని ఉంటుంది. మామూలుగా బజారుకు పోయి వస్తే తెలియదు. పదేపదే గట్టిగా తొక్కితే బ్రేకులు కాగి, ఆయిలులోని నీరు ఆవిరయి, పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది. అందుకని ఆయిలు మార్చాలి, రబ్బరులు మార్చాలి, ప్లేట్లు, షూలు కొత్తవి వేయాలి. ఆపైన టైర్లు. కారంతా కలిసి నేలను పట్టుకునేది అరచెయ్యంత వెడల్పున నాలుగుచోట్ల మాత్రమే.

ఇవన్నీ అయ్యాక, డబ్బు మిగిలితే, ఇంజను. మారుతి 800 ఇంజను 796 సి.సి., మూడు సిలిండర్లు. కొత్తలో కూడా దాని బలం 40 గుర్రాలకు లోపే. బోరు చేయించి, రింగులు మార్చి, కార్బొరేటరు శుభ్రంచేసి, హెడ్డు చదును చేయిస్తే దాని బలం దానికి తిరిగివస్తుంది. బండి బరువే 650 కిలోల చిల్లర. సీట్లూ అద్దాలూ తీసేస్తే ఇంకా తేలిక. బలం పెంచడానికి లక్ష ఖర్చవుతుంది, బరువు తగ్గించడానికి స్పానరు చాలునన్నాడు మా శిష్యుడు.

"ఇంజను చివర ఎందుకురా? అదే కదా పరిగెత్తేది?" అన్నాను.

"పరిగెత్తడం ఏ కారైనా పరిగెత్తుతుంది సార్. ఆగాలి కదా."

* * *

ఆ మాట వినేసరికి నాకు నలుడు గుర్తుకువచ్చాడు. జూదంలో రాజ్యం ఓడి, రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడికి సారథిగా కుదిరాడు. ఒక్క పగటిలో విదర్భకు చేరాలని రాజు ఆజ్ఞ. బాహుకుడు గుర్రాలశాలకు పోయి బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకున్నాడు. వీటితో ఎక్కడికి పోతామని రాజు కోప్పడ్డాడు. బాహుకుడు చూసింది కండ కాదు, లక్షణం. పై మెరుగు చూడకుండా చట్రం గట్టిదా కాదా అని పొడిచిచూసే మా కుర్రాడు చేసిందీ అదే.

రథం కదిలింది. రాజు ఉత్తరీయం జారిపడింది. ఆపమనేలోగా అది యోజనం వెనకబడిపోయింది. అంత వేగం. అయితే ఆ కథలో నాకు నచ్చే చోటు అది కాదు. దారిలో ఒక తాండ్రచెట్టు కనిపించింది. చూసీ చూడగానే దాని ఆకులూ కాయలూ ఎన్నో రాజు చెప్పేశాడు. నిజమో కాదో లెక్కపెట్టి తీరాలన్నాడు బాహుకుడు. ఆలస్యమవుతుందని రాజు మొత్తుకున్నా వినకుండా అంతటి రథాన్నీ ఆపి, దిగి, లెక్కపెట్టాడు. గుర్రాల మనసు తెలియడమంటే, ఉరికించడంతోపాటు అనుకున్నచోట నిలపడంకూడా తెలియడం. అక్కడే రాజుదగ్గర పాచికల రహస్యం నేర్చుకున్నాడు, కలి వదిలిపోయాడు. ఒడ్డకూడనిది ఒడ్డి చెడినవాడు, ఆగడం తెలిసినచోట బాగుపడ్డాడు.

ఆగడం ఎంత కష్టమో కాగితంమీద లెక్క వేయవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, మంచి బ్రేకులుంటే, తొక్కినతరువాత ఇంచుమించు 20 మీటర్లలో ఆగుతుంది. అదే కారు 120 మీద పోతుంటే 40 మీటర్లు చాలవు, 80 కావాలి. వేగం రెండింతలయితే బలిమి నాలుగింతలవుతుంది. ఎదురుగా ఏదో కనబడి, మనసుకు తోచి, కాలు బ్రేకుమీదికి పోవడానికి ఒక్క సెకను పట్టిందనుకుందాం. ఆ సెకనులోనే కారు 33 మీటర్లు పోయి ఉంటుంది. అంతా కలిపితే 110 మీటర్ల పైమాట. ఉద్దానం రోడ్లమీద అన్ని మీటర్లు ఖాళీగా ఉండే చోటు ఎక్కడుంది? మలుపు తిరిగితే మేకలమంద. ఇటుపక్క కొబ్బరికాయల బండి. పొద్దుగూకితే జీడిపిక్కల పనిచేసి గుంపులుగా ఇళ్ళకు నడిచిపోయే ఆడవాళ్ళు. తెల్లవారుజామున డయాలిసిస్‌కు పలాస పోయే మూత్రపిండాల రోగులను ఎక్కించుకున్న ఆటో.

మా శిష్యుడు రోడ్డుమీద పందేలు ఎందుకు మానుకున్నాడో అప్పుడు చెప్పాడు. కొన్నేళ్ళకిందట వాడి స్నేహితులు ఇద్దరు సాయంకాలం వేళ ఊరిరోడ్డుమీద మోటారుసైకిళ్ళతో పందెం వేసుకున్నారు. వీడు గెలుపుగీత దగ్గర నిలబడ్డాడు. ఫ్యాక్టరీనుంచి నడిచివస్తున్న ఒక ఆవిడకు బండి తగిలింది. కాలు పోయింది. తోలినవాడు చేతికట్టుతో నెల తిరిగేసరికి లేచి తిరిగాడు. ఆవిడ మళ్ళీ పనిపీటమీద కూర్చోలేకపోయింది.

"ఆవిడ పందెంలో లేదు సార్," అన్నాడు. "ఎవడు గెలిచాడో ఆవిడకి ఎవరూ చెప్పలేదు కూడా."

ద్రౌపది ప్రశ్నకు కాశీబుగ్గ షెడ్డులో దొరికిన వ్యాఖ్యానం ఇది. రోడ్డుమీద పందెం వేసేవాడు తన ప్రాణాన్ని ఒడ్డుతున్నానని అనుకుంటాడు. అదే వీరమనుకుంటాడు. నిజానికి వాడు ఒడ్డేది, ఆ రోడ్డుమీద నడుస్తున్న ప్రతివాడి కాలూ చెయ్యీ. వాళ్ళను ఎవరూ అడగలేదు. గెలిస్తే వాళ్ళకు వాటా లేదు. 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వపు లెక్క. వారంతా పందేలవల్ల పోయినవారు కారు. కాని అటువంటి రోడ్డును పందెపు బరి చేసుకోవడం ఎంతటి పాపమో చెప్పడానికి ఆ అంకె చాలు.

చట్టంకూడా ఈ తేడా పట్టుకున్నది. 1988నాటి మోటారువాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం, రాష్ట్రప్రభుత్వం రాతమూలకంగా అనుమతించకుండా బహిరంగ స్థలంలో వేగపు పందెం వేయడం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికి మూడునెలలవరకు జైలు, లేదా 5,000 రూపాయలవరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి ఏడాదివరకు జైలు, 10,000వరకు జరిమానా. మైనరు పిల్లవాడు బండి తోలి నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ళవరకు జైలు, 25,000 జరిమానా. 'మావాడికి పదహారేళ్ళకే గేర్లు వచ్చేశాయండీ' అని మురిసిపోయే తల్లిదండ్రులు ఈ సెక్షను చదువుకోవడం మంచిది. అనుమతి ఉంటే మాట వేరు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు పక్కన నగరపు రోడ్లమీదనే ప్రపంచస్థాయి విద్యుత్తుకార్ల పందెం జరిగింది. ముందుగా రోడ్లు మూసి, రెండుపక్కలా గోడలు, జాలీలు కట్టారు. అంటే ఆ కాస్తసేపూ దాన్ని రోడ్డు కాకుండా చేశారు. మరుసటి ఏడు జరగవలసిన పందెం రద్దయింది.

కట్టిన ట్రాకుమీద అంతా క్షేమమని నేను చెప్పను. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని లెమాన్ పందెంలో ఒక కారు ఎగిరి జనంమీద పడి 80 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత స్విట్జర్లాండు ట్రాకు పందేలనే నిషేధించింది. మనదగ్గరే, చెన్నై ట్రాకుమీద 2023 జనవరిలో 59 ఏళ్ళ అనుభవశాలి కారు పందెంలో మరణించాడు. అదే ఏడు ఆగస్టులో అక్కడే మోటారుసైకిలు పందెంలో 13 ఏళ్ళ బాలుడు పోయాడు. హెల్మెట్టు ఉన్నా, వైద్యులు దగ్గరున్నా జరిగినవి ఇవి. పందెం పందెమే. కాకపోతే అక్కడ ఎదురుగా ఎవరూ రారు. అందరూ ఒకేదిక్కుకు పోతారు. జెండా చూపితే ఆగుతారు. దిగినవాడు తెలిసి దిగుతాడు.

ఇదంతా అయ్యాక నేను కుర్రాడిని అడగవలసినది అడిగాను.

"రోడ్డుమీద అయితే ఊరివాళ్ళను ఒడ్డుతావు. సరే, మానేశావు. ట్రాకుమీద ఏమి ఒడ్డుతావు?"

"నన్నే సార్."

"నువ్వు నీ ఒక్కడివేనా? మీ నాన్న నాటిన కొబ్బరిమొక్కలు కాపుకు వచ్చేసరికి నీళ్ళు పట్టేదెవరు?"

వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి పోయి నూనెమరకల నోటుపుస్తకం ఒకటి తెచ్చి చేతికిచ్చాడు. ఒకపక్క షెడ్డు జీతం, మరోపక్క కారు ఖర్చు. ఇంటికి ఇచ్చేది ప్రతినెలా మొదటి వరుసలో రాసి ఉంది. ఇంటినుంచి తెచ్చింది ఎక్కడా లేదు. పంజరం గొట్టాలకు ఏడు నెలలు కూడబెట్టాడు. ఇంజను వరుసలో ఇంకా సున్నాయే. చెన్నైలో పందేల బడి ఉంది, ముందు అక్కడ నేర్చుకొని, వైద్యపరీక్ష చేయించుకొని, లైసెన్సు తెచ్చుకోవాలట. కారును రోడ్డుమీద తోలుకుపోకూడదు. అలా మార్చిన బండికి రోడ్డుమీద హక్కు లేదు. లారీమీద వేసుకుపోవాలి. వెయ్యి కిలోమీటర్ల కిరాయికి డబ్బు చేరేసరికి ఇంకో ఏడాది పడుతుందన్నాడు. మొదట పదిమందితో కలిసి తోలే పందేనికి పోడట. ఒక్కొక్క కారునే విడిగా వదిలి గడియారంతో కొలిచే పోటీకి పోతాడట.

ఆ సాయంత్రం తండ్రితో నేను చెప్పింది ఇంతే: "మీవాడు చెడిపోలేదు. రోడ్డుమీద తోలేవాడికన్నా వీడికే భయం ఎక్కువ ఉంది. వెళ్ళి ఆ కారు చూడండి. ఇంజను అడగకండి. బ్రేకులు చూపించమనండి."

ఆయన వెళ్ళాడట. పంజరం గొట్టాన్ని చేత్తో పట్టుకొని ఊపి చూశాడట. కదలలేదు. "గట్టిగానే కట్టినావురా," అని ఊరుకున్నాడట. ఒప్పుకున్నాడని నేననను. తిట్టలేదు, అంతే.

* * *

మన ఇళ్ళలో ఇలాంటి పిల్లలున్నారు. వారిని చూసి మనం సాధారణంగా రెండు పనులు చేస్తాం. డబ్బున్నవాళ్ళం కొత్త బండి కొనిచ్చి ఊరుకుంటాం. లేనివాళ్ళం 'పరిగెత్తి పాలు తాగడంకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు' అని సామెత చెప్పి ఊరుకుంటాం. మొదటిది ప్రమాదం. రెండవది వాళ్ళ చెవికెక్కదు. ఇరవయ్యేళ్ళవాడికి నిలబడి నీళ్ళు తాగమని చెబితే, వాడు మనకు కనబడకుండా పోయి పరిగెత్తుతాడు.

అందుకని నాలుగు సంగతులు అడగమని నా సలహా. ఎక్కడ తోలతావు: కంచె ఉన్న నేలమీదనా, నలుగురూ నడిచే రోడ్డుమీదనా? ముందు ఏమి బాగుచేశావు: ఇంజనా, బ్రేకులా? ఎవరి డబ్బు? ఎవరిదగ్గర నేర్చుకున్నావు? ఈ నాలుగింటికీ తిన్నగా జవాబు చెప్పగలవాడిని అడ్డుకోవలసిన అవసరం పెద్దగా ఉండదు. నోటుపుస్తకమే వాడిని నెమ్మదిగా నడిపిస్తుంది. చెప్పలేనివాడిదగ్గర మాత్రం తాళంచెవి ఆ పూటే తీసుకోవాలి.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. పాత కారు కూడా అంతే. డబ్బు తింటుంది, సెలవులు తింటుంది, చేతులనిండా నూనె పూస్తుంది. దానికి బదులుగా, ఏ మర ఎక్కడ వదులైతే ఏమి విరుగుతుందో, ఏ వేగంలో ఎంతదూరంలో ఆగుతుందో కుర్రవాడికి నేర్పుతుంది. అది నేర్చినవాడు మామూలు రోడ్డుమీద కూడా నిదానంగానే తోలతాడని నా నమ్మకం. మా శిష్యుడు ఇప్పటికీ షెడ్డుకు సైకిలుమీదనే వస్తున్నాడు. జీడిపిక్కల ఆడవాళ్ళ గుంపు ఎదురైతే దిగి, నడిపించుకొని పోతున్నాడు.